రాణిగారి చెంప

నాణేలు చూసే ముసలాయన దేన్నీ తుడవడు. "మొహం కడిగి తెస్తే వయసెలా చెప్పను?" అని విసుక్కుంటాడు. పాత అరుగుదల నల్లబడుతుంది, కొత్తది మెరుస్తుంది. ఆయన చూసేది అదే. ఆవేళ ఒకావిడ రాణి బొమ్మ వెండి రూపాయి తెచ్చింది.

"మా ఆయన జేబులో పెట్టుకుని బొటనవేలితో రుద్దుతూనే ఉండేవారు బాబాయ్. పోయిన రోజే బీరువాలో పెట్టి తాళం వేశాను, ఏళ్లయింది. ఇంట్లో ఉంచుకోలేను, తీసేసుకోండి."

ఆయన దాన్ని అంచులతో పట్టుకుని, కిటికీ వెలుగుకు వంచి, చాలాసేపు చూశాడు.

"అసలుదేనమ్మా. ఈమధ్య ఎవరన్నా తోమారా?"

"ఎవరు తోముతారు? తాళంచెవి నా మెళ్లోనే ఉంది."

నాణెమంతా నలుపే. రాణి చెంప మీద మాత్రం బొటనవేలంత మేర తళతళలాడుతోంది. ముసలాయన దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"తీసుకెళ్లి అక్కడే పెట్టు తల్లీ. మీ ఆయన వెతుక్కుంటాడు."