బుధుడి గుంతలో నీళ్లు

మా నాయన మూడో బోరు వేయిస్తానన్న రోజు ఆయనకు బుధగ్రహం చూపించాను. మొదటి రెండు బోర్లలో వచ్చింది రాతిపొడే. మామిడి తోట ఎండుతోంది. నీళ్లు ఎక్కడున్నాయో చూడ్డానికి శ్రీకాళహస్తి నుంచి పిలిపించిన మనిషి అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగితే, ఒక మూల అది లేచి నిలబడిందట. ఆ టెంకాయను నమ్మినంతగా నాయన నన్నెప్పుడూ నమ్మలేదు. నేను బడిలో సైన్సు చెబుతాను.

ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి ఇచ్చాను. ఉల్క వచ్చి గుద్దుకున్న చోట పడిన గుంత. చుట్టూ ఎత్తైన గట్టు, లోపలికి మెట్లు మెట్లుగా జారిన గోడలు, నడిమధ్య ఒక గుట్ట. దెబ్బకు ఎగిరిన పొడి తెల్లటి చారలుగా దూరందాకా పరుచుకుంది.

"ఇంత లోతు గుంత. యాడన్నా చుక్క నీళ్లుండాయా సూడు నాయనా," అన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి జరిపాడు. "ఎవురు తవ్వినారు?"

"ఎవురూ తవ్వలేదు. రాయి పడింది."

"గట్టు మాత్రం బాగా ఏసినారు," అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పంతులమ్మ నోరు ఊరుకోదు. ధ్రువాల దగ్గర ఎండ ఎప్పటికీ తగలని గుంతలున్నాయనీ, వాటి అడుగున మంచు ఉందంటున్నారనీ చెప్పేశాను.

"సూర్యుడికి అన్నిటికంటే దగ్గిరుండేది అదే గదా?"

"అదే."

"పొయ్యి పక్కనే నీళ్లుంటే, మన తోటలో ఎందుకుండవు పాపా?"

నా వేలితో నా కన్నే పొడిచాడు. మర్నాడు పొద్దున్నే బోరు బండి వచ్చింది.

టెంకాయ నిలబడిన చోట పసుపు చల్లి, కర్పూరం వెలిగించి మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి తెల్లపొడి ఆకుల మీద, నాయన మీసాల మీద పేరుకుంది. నాకు కోపం రావాలి. రాలేదు, భయమేసింది. ఆ చెట్లు మొక్కలుగా ఉన్నప్పుడు ఆయన బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్నాడు.

బండాయన మిషను ఆపాడు. "ఏమప్పా, ఇంగా పోదామా, నిలిపేద్దామా?"

నాయన నావైపు తిరిగాడు. పొలం సంగతుల్లో ఆయన నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు.

"నువ్వు సదువుకున్నావు. సెప్పు పాపా, నిలిపేద్దామా?"

నిన్నటి నుంచి నేను మొత్తుకుంటున్నది ఆ మాటే. నోరు తెరిస్తే పొడి పడింది. ఉమ్మేసి, "ఇంకొంచెం పోనీ నాయనా," అన్నాను.