మూడో చరణం ముందు నాలుగు కౌంట్లు

జహీరాబాద్‌లో ఉదయం ఆరూ ఇరవైకి బస్సెక్కాను. పటాన్‌చెరులో దిగి పటేల్‌గూడ, అక్కణ్ణుంచి పాశమైలారం, సాయంత్రానికి తిరిగి ఇల్లు. ఒక్కరోజు ప్రయాణమే. కారణం ముందురోజు ఫోన్‌కు వచ్చిన ఆహ్వానపత్రం. పాశమైలారంలో ఒక చర్చి పాతికేళ్ల పండుగ. పైన పదకొండుమంది అతిథుల ఫొటోలు పెద్దపెద్దగా ఉన్నాయి. అడుగున తపాలా బిళ్లంత ఫొటో పక్కన ‘సీనియర్ సంగీతకారుడు దేవదానం గారికి సన్మానం’ అని ఉంది. చూడగానే ఒళ్లు మండింది. వెళ్లకపోతే ఆ మంట చల్లారదనిపించింది.

దేవదానం అన్న మా ఫ్యాక్టరీ కాలనీ మనిషి. ముప్ఫై ఏళ్లకు పైగా భారీ యంత్రాల ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేశాడు. షిఫ్టు దిగాక గిటార్ పట్టేవాడు. కాలనీలో ఆయన కట్టిన రాక్ బ్యాండ్‌లో నేను కాలేజీ రోజుల్లో కీబోర్డు వాయించాను. తర్వాత ఫిజిక్స్ టీచరునై, జహీరాబాద్‌లో రిటైరయ్యాను. ఆయన మాత్రం పాట వదల్లేదు.

సదాశివపేటలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు సువార్తమ్మ. కందిలో పెద్ద కాలేజీ హాస్టల్ వంటశాలలో పని. ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని సన్నగా పాడుకుంటోంది. అది అన్న కట్టిన భక్తి పాటే. ఎవరు రాశారో తెలుసా అని అడిగాను.

“శానా పాతదమ్మ అది. ఎవరు గట్టిన్రో దేవునికే ఎర్క,” అంది.

కందిలో ఆవిడ దిగిపోయింది. దేవునికి ఎరుకే, చర్చి సంఘ పెద్దలకూ ఎరుకే. తొంభైలలో అన్న ఆ పాట క్యాసెట్ తెస్తే, పేరు వేసుకోవడం గర్వమని పెద్దలు అట్ట మీద పేరు కొట్టేయించారు. గిటార్ సైతాను వాయిద్యమని చర్చిలో వాయించనియ్యలేదు. క్యాసెట్ మాత్రం తీసుకున్నారు. ఇప్పుడు అదే పాట పెన్‌డ్రైవుల్లో జిల్లా అంతా తిరుగుతోంది. గొంతు తీసేసి, వాయిద్యాల ట్రాక్ ఒక్కటే పెట్టి, దాని మీద అందరూ పాడతారు. ఆ ట్రాక్‌లో డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డు నాలుగూ వాయించింది అన్నే. ఒక్కసారి కూడా ఆ పాటను జనం ముందు తన చేత్తో వాయించలేదు.

ఎనిమిదింటికి పటాన్‌చెరు. బస్టాండు ఎదుట రెండు ఇడ్లీ, చాయ్. పటేల్‌గూడకు షేర్ ఆటోలో ముప్ఫై రూపాయలు. తొందర లేకపోతే బస్సు కోసం ఆగండి. ఆటోలో పది మందిమి, ఏ మోకాళ్లు ఎవరివో కూడా తెలియలేదు.

అన్న గదే ఆయన స్టూడియో. గోడలకు పాత బొంతలు బిగించి ఉన్నాయి. అక్కడ రికార్డు కాని పాట లేదు. సమ్మె రోజుల్లో గేటు ముందు పాడిన పాటలు, పెళ్లి పాటలు, పాశమైలారంలో పనిచేసే ఒడియా కూలీలు తమ ఊరి మీద బెంగతో పాడినవి, కంది కాలేజీ పిల్లల ఇంగ్లీషు రాక్. రాసిచ్చాడు, బాణీ కట్టాడు, దగ్గరుండి రికార్డు చేశాడు. వాళ్లలో సగంమందికి ఈయన ఇంటిపేరు తెలియదు.

“ఇయ్యాల ఆ నాలుగు కౌంట్లు నింపుత చెల్లె,” అన్నాడు తీగలు సరిచేస్తూ.

ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. మూడో చరణం ముందు పాట నాలుగు కౌంట్లు ఆగుతుంది. ఏ చర్చిలో పాడినా అక్కడ కళ్లు మూసుకుని ఆగుతారు. అది ఆయన పెట్టింది కాదు. గిటార్ రికార్డు చేస్తుంటే ఫ్యాక్టరీ సైరన్ మోగింది. షిఫ్టుకు ఆలస్యమైందని చెయ్యి దానంతట అదే ఆగింది. ఆ రోజు వారపు సెలవని గుర్తొచ్చేసరికి నాలుగు కౌంట్లు పోయాయి. ఉన్నది ఆ ఒక్క టేపే. దాని మీదే మిగతా వాయిద్యాలు వేసుకున్నాడు.

“గిటార్ వైరు సీదా రికార్డింగ్ మిషన్ల పెట్టిన. అందుకే సైరన్ పడలే. నా భయం పడ్డది,” అని నవ్వాడు. “అందరికి నేర్పిన తప్పు నేనే దిద్దాలె. ఒక్కపారి సాలు.”

ఎడమచేతి ఉంగరపు వేలు ఆయనకు ఇప్పటికే సరిగా వంగడం లేదు. మరో ఏడాది ఆగితే దిద్దడానికి చెయ్యి ఉండకపోవచ్చని ఆయన అనలేదు. నాకు కనిపించింది.

మధ్యాహ్నం గిటార్, చిన్న ఆంప్లిఫయర్ ఆటోలో వేసుకుని ఇస్నాపూర్ మీదుగా పాశమైలారం చేరాం. ఇస్నాపూర్ దాటితే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోండి. మందుల ఫ్యాక్టరీల వాసన ముక్కుపుటాల్లో సాయంత్రం దాకా ఉంటుంది.

చర్చి నిండా జనం. సౌండ్ మిక్సర్ దగ్గర ఉన్న కుమార్ అనే ముప్ఫై ఏళ్లాయన మమ్మల్ని ఆపాడు. వారమంతా మందుల కంపెనీలో క్వాలిటీ చూస్తాడట. “ఆంప్లిఫయర్ వద్దంకుల్. ట్రాక్ ఉన్నది. మీరు గిటార్ పట్టుకుని జెర వాయించినట్టు చెయ్యున్రి. వీడియో తీస్తరు.”

“పాట నాదే బిడ్డ,” అన్నాడు అన్న మెల్లగా.

“గట్ల శానామంది అంటరంకుల్. గని మూడో చరణం కాడ గ్యాప్ ఉంటది, యాది పెట్టుకోన్రి. మీరు ప్రాక్టీసుకు రాలే.”

పాట కట్టినవాడికి పాట నేర్పుతున్నాడు. నా నోటికి వచ్చింది అనబోతుంటే అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

రెండు గంటలు అతిథులే మాట్లాడారు. అన్నకు శాలువా కప్పడానికి అర నిమిషం. మైకు ఆయన చేతికి రాలేదు. ఆ తర్వాత పెద్దాయన ఒకరు లేచి ఆ పాట గొప్పతనం చెప్పారు. “మూడో చరణం ముందు ఆ అజ్ఞాత భక్తుడు దేవుని సన్నిధిలో మౌనంగా మోకరించాడు,” అన్నారు. అజ్ఞాత భక్తుడు ఆయన పక్క కుర్చీలోనే, శాలువా జారకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఇంత అన్యాయం ఇంత మర్యాదగా జరగడం నేనెప్పుడూ చూడలేదు.

ట్రాక్ మొదలైంది. అన్న మూగ గిటార్ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన గిటార్ వైరు కొస ఎక్కడా గుచ్చకుండా మిక్సర్ పక్కన నేల మీద పడి ఉంది. నేను లేచి వెళ్లి దాన్ని తీశాను.

“ఆంటీ, ముట్టొద్దు,” అన్నాడు కుమార్.

“ఇరవై తొమ్మిదేండ్లు ఫిజిక్స్ జెప్పిన. జరుగు,” అని మిక్సర్‌కు వైరు గుచ్చి, దాని సౌండు మీట పైకి నెట్టాను.

రెండో చరణంలో గిటార్ పలికింది. ముందు వరసలవాళ్లు తలలెత్తారు. మూడో చరణం వచ్చింది. ట్రాక్ ఆగింది, జనం కళ్లు మూసుకుని ఆగారు. అన్న ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో ఆయన గిటార్ ఒక్కటే నాలుగు కౌంట్లు నడిచి, అందరినీ మూడో చరణంలోకి దించింది. వంగని వేలు వంగింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“అంకుల్ గ్యాప్ మిస్సయిండు,” అన్నాడు కుమార్ పక్కనాయనతో.

ఐదున్నరకు బయటపడ్డాం. అన్న పటేల్‌గూడ ఆటో ఎక్కాడు. “అయిపాయె చెల్లె, దిద్దిన,” అన్నాడు. ఆ ముఖం చూసి నా కోపం సగం దిగింది. ఇస్నాపూర్‌లో జహీరాబాద్ బస్సు దొరికింది.

కందిలో పొద్దుటి సువార్తమ్మే ఎక్కింది. అప్పుడే నా ఫోన్‌కు అన్న నుంచి వీడియో వచ్చింది. చర్చివాళ్లు పంపినదే ఆయన నాకు పంపాడు, కింద ఒక్క మాటా రాయలేదు. ఇద్దరం చూశాం. మూడో చరణం ముందు అన్న వేళ్లు తీగల మీద కదులుతున్నాయి. చప్పుడు లేదు. ఆయన గిటార్ పూర్తిగా తీసేసి పాత ట్రాక్ అతికించారు. వేదిక మీద కప్పిన శాలువా మాత్రం బాగా కనిపిస్తోంది.

దిగిన సగం కోపం మళ్లీ ఎక్కింది. సైరన్ దగ్గర్నుంచి కుమార్ దాకా అంతా సువార్తమ్మకు చెప్పాను. చుట్టుపక్కలవాళ్లు కూడా విన్నారు, విననీ అనుకున్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. “పేరేందన్నవ్?”

“దేవదానం.”

ఫోన్ తీసుకుని పాట మళ్లీ మూడో చరణం దగ్గర పెట్టింది. పాట ఆగగానే టిఫిన్ డబ్బా మీద వేళ్లతో కొడుతూ పైకే అంది. దే, వ, దా, నం. చరణం అందుకుంది.

“సరింగ సరిపాయె గదమ్మ,” అంది.

ఆ వైపు వెళ్లేవాళ్లకు చివరగా ఒక్క మాట. ఇస్నాపూర్‌లో దిగితే పాశమైలారానికి ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. ఆదివారం తొమ్మిదింటికల్లా చేరండి, ఆ పాట తప్పకుండా పాడతారు. మూడో చరణం ముందు అందరూ కళ్లు మూసుకుని ఆగుతారు. మీరు ఆగకండి. నాలుగు కౌంట్లు ఖాళీ ఉంది, ఆయన పేరు పట్టేంత.