ముందు డిమ్ చేసే బండి

మా రోడ్డు మీద తెల్లవారుజామున ఎదురొచ్చే మనిషి మొహం కనపడదు, బండి లైటే కనపడుతుంది. వస్తున్నది ఎలాంటి మనిషో ఆ లైటుని బట్టే చెప్పేయొచ్చని నా నమ్మకం. కొందరు మనం ఇంకా దూరంగా ఉండగానే లైటు డిమ్ చేసి కిందికి దించేస్తారు. నాలాంటివాళ్లు అవతలివాడు దించేదాకా చూసి అప్పుడు దించుతారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మర్యాద మాత్రం వెతుక్కుంటే గానీ దొరకదు. మా వదిన అలా కాదు. ఎదురుగా వచ్చేది లారీ అయినా, సైకిల్ మీద పాలక్యాను అయినా, ముందు దించేది ఆమే. ఎవరో తెలియని వాళ్లకి ఇంత మర్యాద ఎందుకని ఒకసారి అడిగితే, అది నమస్కారం లాంటిదేగా, ముందు పెడితే అరిగిపోతామా అంది.

వదిన నడిపేది మామిడికాయలు తోలే చిన్న ట్రక్కు. మేం ట్రాలీ అంటాం. ఆగిరిపల్లి దగ్గర అన్నయ్య కౌలుకి తీసుకున్న తోటలో సాయంత్రం కాయ ఎక్కించి, తెల్లారేలోపు నూజివీడు మార్కెట్లో దించాలి. మొదట్లో అన్నయ్యే తోలేవాడు. వెన్నుపూస జారి, స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాక, ఇక ట్రాలీ అమ్మేస్తారని అందరం అనుకున్నాం. వదిన మాత్రం ఏమీ అనుకోకుండా తోటలో డ్రైవింగు నేర్చుకుంది. చెట్ల వరసల మధ్య నేర్చుకున్న మనిషి కాబట్టి రివర్సు కూడా ఆమెకు ముందుకెళ్లినంత తేలిక. మార్కెట్లో ఆమె ట్రాలీ వెనక్కి పెడుతుంటే మగవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని చూస్తూ నిలబడేవాళ్లు. ఆ చూడ్డంలో మొదట వెటకారం ఉండేది. తర్వాత పోయింది.

ఆ సీటంటే ఆమెకు ఎంత ఇష్టమో మా అందరికీ తెలుసు. అంతకుముందు మార్కెట్టుకి వెళ్తే మీ ఆయన రాలేదా అని అడిగేవాళ్లు. ఇప్పుడు రసాలు ఎలా ఉన్నాయండీ, బంగినపల్లి ఇంకెన్నాళ్లు వస్తుందండీ అని ఆమెనే అడుగుతున్నారు. బండి తీసేముందు స్టీరింగు మీద చెయ్యి పెట్టి ఆమె చేసే ప్రార్థన ఒకటుంది: "తండ్రీ, నేను చూడనిది నువ్వు చూడు." అంతే. మా పాస్టరుగారి ప్రార్థనలు కూడా అంత పొట్టిగా ఉంటే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను.

చిక్కంతా ఆ చూడ్డం దగ్గరే వచ్చింది. ట్రాలీ పాతది. లైట్ల అద్దాలు పసుపు పట్టిపోయి, వెలిగించినా వెలిగించనట్టే ఉండేవి. ఒక తెల్లవారుజామున మలుపు దగ్గర కల్వర్టు మీద పడుకున్న గేదె చివరి క్షణంలో గానీ కనపడలేదు. బ్రేకు వేస్తే వెనక లోడంతా జరిగి రెండు క్రేట్లు రోడ్డు మీద పడ్డాయి. గేదె లేచి, తోక ఊపుకుంటూ వెళ్లిపోయిందట. దాచిపెట్టొచ్చు కదా, ఎవరు చూశారని? భోజనాల దగ్గర తనే చెప్పింది.

అన్నయ్య కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. తర్వాత, ఈ సీజనుకి ఒక డ్రైవర్ని పెట్టుకుందాం, మైలవరంలో తెలిసినతను ఉన్నాడు అన్నాడు. వదిన కంచాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేస్తాయి. ఆ రోజు చప్పుడు రాలేదు, అందుకే నాకు భయం వేసింది.

మా అన్నయ్య ఆ మాటైతే అన్నాడు గానీ, ఆమెను ఆ సీట్లోంచి దించడం ఆయనకీ ఇష్టం లేదు. అప్పటినుంచి ఫోన్లో లైట్ల వీడియోలు చూడటం మొదలెట్టాడు. వారం తిరక్కుండా ఒక పార్సిల్ వచ్చింది. హెచ్‌ఐడి కిట్టు. మామూలు బల్బుల బదులు గ్యాసుతో వెలిగే బల్బులు రెండు, వాటికి కరెంటు పెంచి ఇచ్చే చిన్న పెట్టెలు రెండు, బోలెడు వైర్లు. బెల్టు కట్టుకున్న నడుంతో అన్నయ్య వంగలేడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్తుంటే, వదిన బానెట్టులో తల దూర్చి బిగించింది. ఎర్ర వైరంటే ఎర్ర వైరు, బల్బు గాజుకి వేలు తగలనీయకంటే తగలనీయలేదు. మధ్యలో ఒకసారి ఆయన ఆవేశంగా లేవబోతే, స్క్రూడ్రైవర్ చూపించి కూర్చోబెట్టింది. చేతులు ఆమెవి, బుర్ర ఆయనది. అంత బాగా కలిసిన మొగుడూపెళ్లాలను నేను ఎక్కువమందిని చూడలేదు.

చీకటి పడుతుండగా స్విచ్ వేశారు. ముందు వంకాయరంగులో వెలిగి, చూస్తుండగానే తెల్లగా, నీలంగా మారి, ఎదురింటి గోడ మీద ఇటుకల సందులతో సహా చూపించింది. వీధిలో ఉన్నవాళ్లంతా వచ్చారు. మన పేటలో విమానం దిగిందా అని ఒకాయన అడిగాడు. అన్నయ్య గర్వం చూడాలి. ఇక నువ్వు ప్రార్థన చెయ్యక్కర్లేదు, అన్నీ నువ్వే చూస్తావు అని వదినని ఆటపట్టించాడు. ఆమె నవ్వింది గానీ, పొద్దున్నే స్టీరింగు మీద చెయ్యి మాత్రం పెట్టింది.

ఆ లైట్ల గొప్ప నేనూ ఒప్పుకుంటాను. ఒక తెల్లవారుజామున పక్కన కూర్చుని వెళ్లాను. కల్వర్టు, దాని మీద సున్నం గీత, గట్టు మీద ముంగిస, రోడ్డు మీద గుంటలు, అన్నీ పట్టపగల్లా ఉన్నాయి. వదిన భుజాలు దించుకుని, వెనక్కి ఆనుకుని నడిపింది. ఆమె అలా నడపడం అంతకుముందు నేను చూడలేదు. డ్రైవర్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం మానేశారు.

రెండు లోపాలు మాత్రం బయటపడ్డాయి. సాయంత్రం కాయ ఏరేటప్పుడు ట్రాలీ లైటు వేసుకోవడం మాకు అలవాటు. ఆ నీలం వెలుగులో తొడిమ దగ్గర తిరిగిన పసుపు కనపడక, పండబోతున్న కాయ కూడా పచ్చికాయలా ఉండేది. దానికి అన్నయ్య వేరే బల్బు కట్టించాడు. రెండోది, ఆ కిట్టులో డిమ్ చెయ్యడం లేదు. స్టీరింగు పక్కనున్న కాడ ఎటు తిప్పినా ఒకటే వెలుగు. వదిన అలవాటుగా కాడ నొక్కేది, లైటు దిగేది కాదు. అందరికీ వెలుగేగా, దించడం ఎందుకు అన్నాడు అన్నయ్య.

కొన్నాళ్లకి వదిన ఒక మాట అంది. "ఈమధ్య నాకు ఎవరూ డిమ్ చెయ్యట్లేదు తెలుసా. పాలక్యాను ఆయన చెయ్యి కూడా ఎత్తట్లేదు." ఆ మాట చాలా మామూలుగా అంది. నేనూ మామూలుగానే విన్నాను.

వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకి పాటలు నేర్పడం నా పని. ఒక సాయంత్రం అది ముగించుకుని స్కూటీ మీద వస్తున్నాను. మసక చీకటి. కల్వర్టు మలుపులో ఎదురుగా తెల్లటి వెలుగు లేచింది. అంతే, రోడ్డు లేదు, గట్టు లేదు, నా చేతులు కూడా నాకు కనపడలేదు. బ్రేకు వేశాననే గుర్తు. తేరుకునేసరికి నేనూ స్కూటీ తోటకి నీళ్లు పారే బోదెలో ఉన్నాం. చెప్పుకోదగ్గ దెబ్బలేమీ లేవు. చీర మాత్రం నడుం దాకా బురద. లేచి, వెళ్లిపోతున్న ఆ బండిని నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. తిడుతూ తిడుతూ దాని వెనక తలుపు చూశాను. దాని మీద ఉన్న బైబిలు వాక్యం నా చేత్తో నేను రాసిందే.

బురద చీరతోనే అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన అప్పుడే బండి పెట్టి కాళ్లు కడుక్కుంటోంది. నేను నెమ్మదిగా చెప్పే మనిషిని కాదు. నన్ను బోదెలో పడేసింది నువ్వే అన్నాను. అన్నయ్య అడ్డం వచ్చి, నువ్వు వేగంగా వచ్చుంటావు అన్నాడు. నాకు ఇంకా ఒళ్లు మండింది. మలుపు తిరుగుతూ నన్ను చూడనేలేదట, అయినా వదిన వాదించలేదు. దెబ్బ తగిలిందా అని నా మోచేతులు తిప్పి చూసింది. తర్వాత స్కూటీ తాళం అడిగింది.

తోట దారి చివర రోడ్డుకి ఎదురుగా ట్రాలీ నిలబెట్టి, లైట్లు వేసి, అన్నయ్యని అందులో కూర్చోబెట్టింది. ఆ రోజు ఎక్కించిన కాయ వెనకే ఉంది. ఆ బరువుకి ముక్కు పైకి లేచి, వెలుగు సగం రోడ్డు మీద, సగం మనుషుల మొహాల మీద పడుతోంది. మేమిద్దరం స్కూటీ మీద చాలా దూరం వెళ్లి, వెనక్కి తిరిగి ట్రాలీకి ఎదురుగా వచ్చాం. నడిపింది వదినే. సగం దూరం వచ్చేసరికి స్కూటీ ఊగింది. ఇంకొంచెం వచ్చి ఆపేసింది. ఒక చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. నేను వెనక కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాను. 

"రోజూ ఇలాగే వెళ్తున్నానా నేను? ఆ పాలాయన మీదికి ఇలాగే వెళ్తున్నానా?" అంది.

ట్రాలీ దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి, తనే లైటు ఆర్పేసింది. రేపు ఇవి తీసేద్దామండీ అని అన్నయ్యతో చెప్పింది. ఆయన నడుం పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. ఆ లైట్లు ఆయన ఎంత ప్రేమగా తెప్పించాడో నాకు తెలుసు, ఆయన్ని చూస్తే జాలేసింది. చివరికి, మళ్లీ ఆ గుడ్డి దీపాలతో నిన్ను పంపించలేనే, డ్రైవర్ని పెట్టాల్సి వస్తుంది అన్నాడు.

"పెట్టండి," అంది వదిన. "నాకు దారి కనపడ్డం కోసం ఎదుటివాళ్ల దారి లాగేసుకోలేనండీ."

ఆ మాట అన్నది ఆ సీటు కోసం ప్రాణం పెట్టే మనిషి. నేనైతే అనలేను. బోదెలో పడ్డ నొప్పి నాకు అక్కడితో పోయింది.

మర్నాడు లైట్లు వెయ్యకుండా తెల్లారాకే బయల్దేరి, కాయ అమ్మేశాక ట్రాలీని నూజివీడులోనే ఎలక్ట్రీషియన్ షెడ్డుకి తీసుకెళ్లారు. కిట్టు విప్పించి, పసుపు పట్టిన అద్దాల చోట ఆ బండికి వచ్చే కొత్త లైట్లు పెట్టించి, పాడైన వైర్లు మార్పించి, లోడు మీద ఉన్నప్పుడు వెలుగు ఎంత ఎత్తులో పడాలో గోడ మీద చూసి బిగించారట. విమానమేమీ దిగలేదు. మామూలు పసుపు వెలుగే, కాకపోతే ఇప్పుడు రోడ్డు మీద పడుతుంది. ఇది సరిపోతుందో లేదో చూడాలి, లేకపోతే మైలవరం అతనికి ఫోన్ చేస్తానన్నాడు అన్నయ్య. వదిన సరే అంది. రోజూ బయల్దేరే టైముకంటే ఇంకా ముందు లేవడం మొదలుపెట్టింది, నెమ్మదిగా వెళ్లడానికి.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున అన్నయ్యని నడుం పరీక్షకి నూజివీడు తీసుకెళ్లాలి. ట్రాలీలో ముందు ముగ్గురం కూర్చున్నాం. ఆయన మధ్యలో, నేను కిటికీ పక్కన. లైట్ల సంగతి తేల్చడానికే వచ్చాడని ముగ్గురికీ తెలుసు. వదిన స్టీరింగు మీద చెయ్యి పెట్టి తన ప్రార్థన చేసుకుంది. కల్వర్టు మలుపులో ఒక కుక్క అడ్డం వస్తే ముందే చూసి, తొందరపడకుండా ఆగింది. క్రేట్లు కదల్లేదు. 

మలుపు దాటాక ఎదురుగా ఒక లైటు కనపడింది. చాలా దూరంగా ఉంది. వదిన కాడ నొక్కింది. మా వెలుగు కిందికి దిగింది. అవతలి లైటు ఒక్క క్షణం అలాగే ఉండి, అదీ కిందికి దిగింది. దగ్గరికొచ్చాక చూస్తే సైకిలుకి క్యాన్లు కట్టుకోవడం మాని మోపెడ్డు కొనుక్కున్న పాలాయన. చెయ్యెత్తి వెళ్లిపోయాడు.

"మళ్లీ పలకరిస్తున్నారండీ," అంది వదిన. రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు.

అన్నయ్య జేబులోంచి ఫోన్ తీశాడు. మైలవరం అతని నంబరు వెతికి, నాకు చూపించి, తీసేశాడు. "డ్రైవర్ని పెడితే ఈ దారిలో వాళ్లు ఎవర్ని పలకరిస్తారే?" అన్నాడు వదినతో.

నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.  అంతలో ఎదురుగా ఇంకో లైటు కనపడింది, వదిన కాడ నొక్కింది.