పంచర్ కొట్టులో ఇత్తడి గంగాళం

నా మాట ఎవరూ నమ్మరని నాకు తెలుసు. చింతాద్రిపేటలో నేను వాన పడుతోందని చెప్పినా జనం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు. కూవం నదిలో మొసలి కనబడిందన్నాను ఒకసారి. పెళ్లి ఊరేగింపులో ఏనుగు నా టిఫిన్ డబ్బా మింగేసిందన్నాను ఇంకోసారి. అవన్నీ అబద్ధాలే. ఒప్పుకుంటున్నాను. ఇది మాత్రం కాదు. ఒట్టు వేయమంటే కూవం మీదే వేస్తాను. పుట్టిన దగ్గర్నుంచీ దాని పక్కనే ఉన్నవాణ్ణి... దానితో ఆటలాడే ధైర్యం నాకు లేదు.

ముందు గోవిందు గురించి చెప్పాలి. నా అబద్ధాలన్నిటికీ వాడే సాక్షి. నేను కథ ముగించగానే అందరూ వాడివైపు తిరిగేవాళ్లు. వాడు కాసేపు ఆగి, మెల్లగా, "అవును. నేనూ చూసినా" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండదు. నలుగురు పెద్దమనుషులు సంతకం పెట్టినట్టుండేది. ఒక్క లోపం ఉంది వాడిలో. ఆ మాట అనేటప్పుడు ఎడమ చెయ్యి తనంతట తానే పైకి లేచి చెవి తమ్మె పట్టుకునేది. నాకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మాకు పద్నాలుగేళ్లు. ఒక శనివారం వాళ్ల నాయన సైకిలు అడక్కుండా తీసుకుని కంచికి బయలుదేరాం. ఒకడు తొక్కడం, ఒకడు వెనక కూర్చోవడం. చీకటి పడేలోగా వచ్చేస్తామనే అనుకున్నాం. మధ్యాహ్నానికి చెంబరంబాక్కం చెరువు దగ్గరికి చేరాం. ఆ నీళ్లు చూశాక కంచి ఎవరికి కావాలి? ఈదాం. నేరేడు పళ్లు తిన్నాం. నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ నల్లగా ఉందో చూసుకున్నాం. కట్ట మీద గాలికి నిద్రపోయాం. లేచేసరికి పొద్దు వాలిపోయింది.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

గోవిందు నాయన వెంకటేశు మామ దర్జీ. కుట్టిన బట్టలు ఇంటింటికీ ఇచ్చి వచ్చేది ఆ సైకిలు మీదే. గడపలో నిలబడి ఉన్నాడు. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు, చేతిలో గజం బద్ద. అంతదాకా గోవిందును ఒక్క దెబ్బ కొట్టి ఎరుగడు మామ. ఆ రాత్రి కొట్టేవాడే.

నేను నోరు తెరిచాను.

కంచి నుంచి తిరిగొచ్చేటప్పుడు, శ్రీపెరుంబుదూరు రాకముందే పంచర్ అయింది మామా, అన్నాను. చీకట్లో తోసుకుంటూ వస్తుంటే చింతచెట్టు కింద ఒకాయన కనబడ్డాడన్నాను. కొమ్మకు పెట్రోమాక్స్ లైటు. ఆ పొద్దు పక్కింటి పెళ్లికి తెచ్చిన లైటు నా ఎదురుగా వెలుగుతోంది మరి. చెవి వెనక సైకిలు స్పోకు పెట్టుకున్నాడన్నాను. పెన్సిలు చూసి వచ్చిన ఆలోచన అది. ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి ట్యూబు ముంచాడన్నాను. వాళ్ల గడప పక్కన తోమి బోర్లించిన గంగాళం తళతళలాడుతోంది. ఆ దారిలో వినబడేది తమిళమే అయినా, మామ తెలుగులో అడుగుతున్నాడు కాబట్టి ఆ మనిషికీ తెలుగే ఇచ్చాను.

"పంచర్ నీళ్లకి ఇత్తడి గంగాళమారా?" అన్నాడు మామ.

నేను గోవిందు వైపు చూశాను. గోవిందు చెవి పట్టుకుని, "అవును నాయనా. నేనూ చూసినా" అన్నాడు.

మామ ఇద్దర్నీ చాలాసేపు చూశాడు. గజం బద్ద గోడకు ఆనించాడు. "ఎవుడో పుణ్యాత్ముడు. నా బిడ్డల్ని ఇల్లు చేర్చినాడు" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటి ఆదివారం మామ ఒక అత్తం అరటిపళ్లు సంచిలో వేసుకుని బస్సెక్కాడు, ఆ మనిషికి ఇచ్చి రావడానికి. గోవిందూ నేనూ సాయంత్రం దాకా బస్టాండు దగ్గరే కూర్చున్నాం. మామ దిగాడు. సంచి ఖాళీగా ఉంది. "ఇచ్చేసినా" అన్నాడు. ఇంటికి వెళ్లి మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎన్నడూ.

మామ పోయి ఇప్పటికి నాలుగు నెలలు. గోవిందు వాళ్ల నాయన మిషన్ మీదే జిప్పులు మారుస్తూ, ప్యాంట్లు పొట్టి చేస్తూ ఉంటాడు. మొన్నామధ్య వచ్చి, "రేయ్ రాఘవా, ఆ పొద్దు పోలేకపోయినాం గదా. కంచికి పోదాం దా. పొద్దున పోయి రాత్రికి వచ్చేద్దాం" అన్నాడు. వాడి పాత కారులో బయలుదేరాం.

పూందమల్లి దాటాక ఇద్దరం కిటికీలకు అతుక్కుపోయాం. సైకిలు దిగి నీళ్లు తాగిన బావి ఎక్కడ... ఆ పచ్చటి పొలాలెక్కడ... అన్నీ ఫ్యాక్టరీ గోడలు, టోల్ గేట్లు. కంచిలో శొంఠి ఘాటున్న ఇడ్లీ తిన్నాం. గుడి చల్లని రాళ్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాం. పట్టుచీరల దళారి ఒకడు వెంటబడితే, మాకు పెళ్లిళ్లే కాలేదని చెప్పాను. గోవిందు తన బట్టతల మీద చెయ్యి వేసుకుని, "అవును, నేనూ చూసినా" అన్నాడు. కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత వాడు కళ్లు తుడుచుకున్నాడు.

"నాయన ఆ పండ్లు ఏం చేసుంటాడురా?"

నేను కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

"అబద్దమని తెలిసే పోయినాడేమో. ఆడంతా వెతికి, ఎవురూ లేక, యాడో కూర్చోని... ఆ బద్దతో నాలుగు కొట్టుంటే మర్సిపోయుందును. నలభై ఏండ్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయినా. ఇంక ఎవురికి చెప్పేది?"

తిరుగు ప్రయాణంలో శ్రీపెరుంబుదూరు ఇంకా రాలేదు. రాత్రి ఏడున్నర ఉంటుంది. డప్... అని చప్పుడు. బండి ఎడమకు లాగింది. ముందు టైరు. డిక్కీ తెరిస్తే స్టెప్నీలో గాలి లేదు.

"గాలి పట్టించమని చెప్పినా గదరా," అన్నాను.

"నువ్వు చెప్పినదంతా నమ్మితే నేను యాడుందును?"

చక్రం విప్పాం. లారీలు దూసుకుపోయే రోడ్డు. కారును ఒంటరిగా వదల్లేం. గోవిందు ఫోను లైటు ఊపుతూ కారు దగ్గరే ఉన్నాడు. నేను చక్రం దొర్లించుకుంటూ పక్కరోడ్డులోకి దిగాను. కొంచెం దూరంలో ఒక వెలుగు కనబడింది. నడుస్తున్నాను. లారీల మోత వెనకబడింది. ఇంకా నడిచాను. మోత ఆగిపోయింది. తగ్గడం కాదు... ఆగిపోయింది. చక్రం కింద గులకరాళ్లు నలుగుతున్న చప్పుడొక్కటే.

తర్వాత ఇంకో చప్పుడు.

స్స్స్... అని. సన్నగా. పెట్రోమాక్స్ లైటు చేసే చప్పుడు. మీలో ఎంతమందికి గుర్తుందో. నేను విని ముప్ఫై ఏళ్లయింది.

లైటు చింతకొమ్మకు వేలాడుతోంది. కింద ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయేమో. చెవి వెనక ఏదో మెరిసింది. నేను అటు చూడలేదు. చూడదలుచుకోలేదు. కళ్లు కిందికి దించుకున్నాను.

కింద... ఇత్తడి గంగాళం.

తోమి తళతళలాడుతోంది. అంచు దాకా నీళ్లు. నీళ్లలో లైటు కదలకుండా ఉంది. నా పద్నాలుగేళ్ల నోట్లోంచి ఊడిపడ్డ గంగాళం అది. లోకంలో ఏ పంచర్ కొట్టులోనూ ఉండదు. ఉండకూడదు.

అతను తల ఎత్తలేదు. చక్రం అందుకున్నాడు. టైరు ఊడదీసి, ట్యూబుకు గాలి కొట్టి, నీళ్లలో ముంచాడు. బుడగలు వచ్చాయి. ఒకటి... ఒకటి... ఒకటి.

"సైకిలు యాడ?" అన్నాడు.

తెలుగులోనే.

నోరు... నా నోరు, ఎప్పుడూ మూతపడని నోరు, తెరుచుకోలేదు.

అతను చిన్న రబ్బరు ముక్కను గీకుతూ, "పెద్దాయన ఆ పొద్దు పండ్లు తెచ్చిచ్చినాడు. వద్దన్నా వినలేదు. ఇద్దరం ఈడనే కూర్చోని తిన్నాం. ఎండ తగ్గిందాకా మాట్లాడుకుంటా ఉన్నాం. బాగుండాడా?" అన్నాడు.

తల ఊపాను. అవునన్నానో కాదన్నానో నాకే తెలియదు. చక్రం నా వైపు దొర్లించాడు. జేబులో చెయ్యి పెడితే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. సగం దారిలో లారీల మోత ఒక్కసారిగా చెవుల్లో పడింది.

చక్రం బిగించాం. నాలుగైదు మైళ్లు వచ్చాక చెప్పాను. అంతా చెప్పాను, పండ్ల దగ్గర్నుంచి.

గోవిందు కారు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు వదల్లేదు.

"కథ కడతా ఉండావా? నా కోసరం?"

"కూవం మీద ఒట్టురా."

"మా నాయన మీద వెయ్యి."

వేశాను. వాడు రోడ్డు వైపు తిరిగాడు. మొహం మీద లారీ లైట్లు వచ్చి పోతున్నాయి.

"వెనక్కి పోదామా? నీ కళ్లతో చూస్తావు," అన్నాను.

"వద్దు."

"ఎందుకురా?"

"పోయి చూస్తే ఆడ లేకపోతే?"

కారు స్టార్ట్ చేశాడు. చింతాద్రిపేట దగ్గర పడుతుంటే ఒకటి గమనించాను. వాడు సన్నగా ఈల వేస్తున్నాడు. మిషన్ తొక్కుతూ మామ వేసే ఈల.

ఆ తర్వాత నేనొక్కణ్ణీ రెండుసార్లు అటు వెళ్లాను, పట్టపగలే. పక్కరోడ్డు తవ్వి పడేశారు. చింతచెట్లు ఆరేడు ఉన్నాయి. ఏ చెట్టో చెప్పలేను. ఒక చెట్టు కింద బజ్జీల బండి ఉంది. వాణ్ణి అడిగితే ఇక్కడ పంచర్ కొట్టు ఎప్పుడూ లేదన్నాడు. వాడు వచ్చి ఎన్నాళ్లని అడిగితే ఆరు నెలలన్నాడు. ఆ మాట నేనెట్లా పట్టుకునేది? టైరులో మాత్రం ఈనాటి దాకా గాలి తగ్గలేదు.

పోయిన వారం టీ కొట్టు దగ్గర నలుగురికీ ఇదంతా చెప్పాను. మామ మాట్లాడుతూ కూర్చున్నాడన్న దగ్గర నా గొంతు వణికింది. ఈసారి నిజంగానే వణికింది. అందరూ నవ్వారు. "గంగాళం వెండిదేమో, సరిగా చూడు," అన్నాడొకడు. తర్వాత, అలవాటు ప్రకారం, అందరూ గోవిందు వైపు తిరిగారు.

వాడు కాసేపు ఆగాడు.

"అవును. నేనూ చూసినా" అన్నాడు. ఎప్పుడూ అంతటితో ఆగేవాడు ఇంకో మాట అన్నాడు. "పూవన్ పండ్లు. నాయనకి అవే ఇష్టం."

పూవన్ రకం అరటిపళ్లని నేను చెప్పలేదు. ఆ మనిషీ నాతో చెప్పలేదు. ఆనాడు వాళ్ల నాయన సంచిలో ఏముందో వాడికి గుర్తుండే ఉంటుంది. ఉంటుందా... లేక ఆ రాత్రి నేను నడుస్తుంటే, కారు వదిలేసి నా వెనకే చీకట్లో వచ్చాడా?

వాడి ఎడమ చెవి వైపు చూశాను. కన్ను ఆర్పకుండా చూశాను. చెయ్యి లేవలేదు.

రెండు చేతులూ టీ గ్లాసును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.