లేట్ పోశం ఫోల్డరు

సిరాజుద్దీన్ నలభై ఏళ్లలో ఎవరి మీదా చేయి చేసుకున్నవాడు కాదు. గోదావరిఖని బస్టాండు వెనక చిన్న డీటీపీ షాపు, ఒక కంప్యూటరు, దాని మీద ఎంత తుడిచినా పోని బొగ్గు దుమ్ము, అదీ అతని లోకం. బొగ్గుబాయి పనివాళ్ల అర్జీలన్నీ అతని వేళ్ల మీదుగానే వెళ్లేవి. 2010 మే నెలలో ఆ వేళ్లలో రెండింటిని లింగమూర్తి విరగ్గొట్టాడు.

లింగమూర్తి ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. వాణ్ణి మనిషంటే మనుషులకు అవమానం. బ్రేకులు సరిగా లేని డంపరును పనిలో పెట్టించాడు. అది వెనక్కి జారి, పోశం అనే కూలీ నడుము మీదుగా పోయింది. పోశం మూడు రోజులు దవాఖానలో కొట్టుమిట్టాడాడు. రెండో రోజు సిరాజుద్దీన్ మంచం పక్కన నిలబడి అతని మాటలను సెల్‌ఫోన్‌తో వీడియో తీశాడు. దాన్ని కంప్యూటరులో పోశం పేరున్న ఫోల్డరులో దాచాడు. అర్జీ టైపు చేసి, అందులోని నీలి అక్షరాలను నొక్కితే ఆ వీడియో తెరుచుకునేట్టు లింకు పెట్టాడు.

మూడో రోజు పోశం పోయాడు. పోయినవాడి పేరు ముందు ‘లేట్’ అని రాయకపోతే ఇక్కడ ఆఫీసులూ ఒప్పుకోవు, ఇంటివాళ్ల మనసూ ఒప్పుకోదు. పోశం భార్య మల్లక్క అడగ్గానే సిరాజుద్దీన్ అర్జీ నిండా లేట్ అని చేర్చాడు. ఆ ఊపులో ఫోల్డరు పేరుకూ తగిలించాడు. అన్నీ పెన్‌డ్రైవులో వేసిస్తే, ఆమె కొంగున ముడేసుకుని వెళ్లింది.

వీడియో సంగతి చెవిన పడి, మర్నాడు పట్టపగలు లింగమూర్తి ముగ్గురితో షాపులో పడ్డాడు. ఇనుప రాడ్డుతో కంప్యూటరునూ ఫోన్‌నూ తుక్కు చేశాడు. వీడియో ఇంకెక్కడుందని అడుగుతూ సిరాజుద్దీన్ కుడిచేతి వేళ్లను టేబుల్ సొరుగులో పెట్టి, సొరుగును కాలితో తన్నాడు. ఆ కేక పక్క హోటల్లో టీ తాగుతున్నవాళ్లందరికీ వినిపించింది. ఒక్కడూ లేవలేదు, వాళ్ల నోట్లో మన్నుపడ. సిరాజుద్దీన్ మాత్రం మల్లక్క పేరు చెప్పలేదు.

పెద్దపల్లిలో ఒక అధికారి ముందు విచారణ జరిగింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, పోశమే తాగివచ్చి డంపరు కింద పడ్డాడని లింగమూర్తి చెప్పాడు. ఆ మాట నిలబడితే పోశం తాగుబోతుగా మిగిలిపోతాడు, చంపినవాడు దర్జాగా డ్యూటీకి పోతాడు.

మల్లక్క కొంగు ముడి విప్పి ఇచ్చిన పెన్‌డ్రైవును ఆఫీసు కంప్యూటరుకు పెట్టి, సిరాజుద్దీన్ ఎడమచేత్తో అర్జీలోని లింకు నొక్కాడు. ఫైలు దొరకలేదని వచ్చింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. లింగమూర్తి పగలబడి నవ్వాడు. అధికారి కాగితాలు మూయబోయాడు. సిరాజుద్దీన్ బాణం గుర్తును లింకు మీద ఆపి, అక్కడ కనిపించిన ఫైలు దారి చదివాడు. అందులో వట్టి పోశం అనే ఉంది. తన తప్పు తెలిసి సిగ్గుతో కుంగిపోయాడు.

“లింకు ఇంకా పోశం కోసమే ఎతుకుతున్నది చెల్లె. లేట్ అని పెట్టింది నేనే. గది తీసెయ్యాలె.”

“తీసెయ్యన్నా” అంది మల్లక్క.

తీసేసి నొక్కాడు. తెర మీద పోశం మాట్లాడాడు.

“బ్రేకుల్లెవ్వు, ఎనుక నిలవడనన్న సారూ. లింగమూర్తి రాడ్డుతోని కొట్టి నిలవెట్టిండు.”

లింగమూర్తి ఎగిరి దూకి తెరను గుద్దాడు. అద్దం పగిలి వాడి చేయి రక్తమైంది. ఇద్దరు ఆఫీసు జవాన్లు వాణ్ణి నేలకేసి అదిమిపట్టారు. కంప్యూటరు డబ్బా టేబుల్ కింద క్షేమంగా ఉంది. పోశం మాట ఆగలేదు. అధికారి పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

అంతా అయ్యాక సిరాజుద్దీన్ పెన్‌డ్రైవు తీసిస్తూ, ఫోల్డరుకు మళ్లీ లేట్ చేర్చాలా అని అడిగాడు. మల్లక్క దాన్ని కొంగున ముడేసుకుంది.

“వద్దన్నా. గా ఫోల్డర్లనన్న ఆయన గట్లనే ఉండనియ్యి.”