అమ్మీ గాటు

పెద్దేముల్‌లో ఎవరింట్లో కోడి పొదుగుకు కూర్చున్నా, దాని కింద పెట్టే గుడ్ల కోసం జహీరాబీ గుమ్మం తొక్కాల్సిందే. అడిగినవాళ్లందరికీ ఇచ్చేరకం కాదు ఆమె. పిల్లనిచ్చే ఇంటిని చూసినట్టు వాళ్ల వాకిలీ గూడూ చూసి మరీ ఇచ్చేది. "మీ కుక్క మంచిది కాదు, నేనియ్య" అని మొహం మీదే అనేసేది. మనిషి బంగారం, నోరే కాస్త కటువు.

ఆ కోళ్లు ఆమెకు తల్లి ఇచ్చిపోయినవి. అసీల్ జాతి. పొడవాటి మెడలు, దిట్టమైన కాళ్లు, నెత్తికి అతుక్కుపోయినట్టుండే చిన్న తురాయి. ఎదగడానికి ఏడాది తీసుకుంటాయి గానీ, ఎదిగిన పుంజు ఒక్కటి కోస్తే ఇంటిల్లిపాదీ తిని పక్కింటికీ గిన్నె పంపొచ్చు. బరువున్నవి కూరకు పోవచ్చు, సాయంత్రం పిల్లలన్నింటినీ వెంటేసుకుని ఇల్లు చేరే పెట్ట మాత్రం జాతికి మిగలాలి అన్నది తల్లి పెట్టిన పద్ధతి. లాలీ అనే ఎర్రపెట్ట అలా మిగిలిందే. పిల్లల మీదికి దిగిన గద్దతో కలబడి ఒక కన్ను పోగొట్టుకుంది, పిల్లను మాత్రం వదల్లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పిల్ల గుడ్డు పగిలి బయటికొచ్చిన నాడే కుడికాలి వేళ్ల మధ్య పొరను చిన్న కత్తెరతో కత్తిరించాలి. ఆలస్యం చేస్తే పొర మందమై మళ్లీ అతుక్కుపోతుంది. పుట్టిననాడు పెట్టిన గాటు చచ్చేదాకా చెరగదు. ఊరి కోళ్లన్నీ కలగాపులగమైనా కాలెత్తి చూస్తే ఎవరివో తెలుస్తుంది. అమ్మ నేర్పిన గాటని జహీరాబీ దాన్ని అమ్మీ గాటు అనేది.

తల్లి పోయేనాటికి తమ్ముడు జహంగీర్ ఇంకా నిక్కర్ల వయసువాడు. వాణ్నీ ఆ కోళ్లనీ ఒకే పెరట్లో పెంచింది. ముందు వాడి కంచంలో పెట్టాకే తను తినేది. పెద్దవాడై తాండూరులో కోళ్ల దుకాణం పెట్టుకున్నాడంటే మురిసిపోయింది.

డెబ్బై తొమ్మిదిలో ఒకనాడు ఆ జహంగీరే బస్సు దిగి, చిల్లులు పెట్టిన అట్టపెట్టె తెచ్చి అక్క ముందు పెట్టాడు. లోపల పసుపు రంగు పిల్లలు కిచకిచమంటున్నాయి.

"ఆపా, ఇవి బాయిలర్ పిల్లలు. హోటలోళ్లు ఇప్పుడు గివే అడుగుతున్నరు. రెండు నెల్లల్ల కోతకొస్తయి, మాంసం మెత్తగుంటది. నీ అసీల్ పుంజు ఉడకాల్నంటే పొయ్యికాడ పొద్దంత కూసోవాలె."

"రెండు నెల్లకు కోడి ఎట్లయితదిరా? పిల్లనే కద అది."

"పిల్లనే కోస్తరు మరి. బావకు దమ్ము పెరిగె, పనికి పోతలేడు. ఇల్లెట్ల గడుస్తది చెప్పు."

అది నిజమే. భర్త ఇమాముద్దీన్ బండల పాలిష్ మిల్లులో దుమ్ము మింగీ మింగీ మంచం పట్టాడు. జహీరాబీ మెత్తబడింది.

"సరే తియ్యి, వీటినీ పెంచుత, నావాటినీ పెంచుత."

"కలిపి పెంచద్దు ఆపా. నీ కోళ్లకు కొక్కెర రోగమొస్తే గీ పిల్లలు ఒక్కటి మిగలయి. నీవి తీసెయ్యాలె."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అందులో అబద్ధం లేదు. అబద్ధం ఆ తర్వాత వచ్చింది. జహీరాబీ లేచి లాలీకి గుప్పెడు నూకలు చల్లి వచ్చింది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఎవ్వరికీ అమ్మకు. పందెపోళ్లకు అసలే ఇయ్యకు. బిస్మిల్లా అని నీ చేతుల్తోనే కొయ్యి. కోసినంక నాకు చెప్పు, మల్ల ఆ మాట ఎత్తకు."

"అమ్మీ కసం ఆపా. నా చేతుల్తోనే కోస్త."

గంపలు బస్సు మీదికెక్కుతుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మళ్లీ వచ్చినప్పుడు వాడు తల దించుకుని, "అయిపోయింది ఆపా" అన్నాడు. ఆ తల దించుకోవడం చూసి పాపం తమ్ముడికే ఎక్కువ కష్టమైందనుకుంది, పిచ్చిది. ఆనాటి నుంచి కోడికూర నోట పెట్టలేదు.

తెల్లకోళ్లు మొదట్లో బాగానే ఉన్నాయి. కానీ అవి కోళ్లా? దాణా ముందు కూలబడతాయి, గద్ద నెత్తిమీద తిరిగినా కళ్లప్పగించి చూస్తాయి. వేసవిలో తాండూరు బండల కప్పు కింద ఉడికిపోయి గుంపులుగుంపులుగా చచ్చేవి. వాటికి గుడ్డు పెట్టే వయసు రాకముందే కత్తి పడుతుంది, ఇక పొదిగేదెక్కడ? ప్రతిసారీ పిల్లలకు తమ్ముడి దగ్గరికే పోవాలి, దాణాకూ అక్కడికే పోవాలి. ఒకప్పుడు ఊరికంతా గుడ్లిచ్చిన చెయ్యి అలా చాపాల్సి వచ్చింది.

మూడో వేసవి దాటాక, పక్కింటి మొగులమ్మ బాలింత కోడలి కోసం తాండూరు నుంచి ఒక పెట్టను తెచ్చింది. చంకలోంచి దింపుతూనే గొప్పగా చెప్పింది.

"అసల్ జాతి కోడి వదినా. మీ తమ్మునింటి ఎనుక మస్తుగున్నయి. కాలు చూసి తీస్కోండి, గాటుంటేనే అసలుది అంటడు అందరితోని."

జహీరాబీ ఆ కోడి కాలు నీళ్లతో కడిగి చూసింది. కుడికాలే. ఆ గాటే. నమ్మించి గొంతు కోయడం అని లోకంలో అంటారు. జహంగీర్ ఇంకో అడుగు ముందుకేశాడు, గొంతు కోస్తానని నమ్మించి కోయకుండా దాచుకున్నాడు.

మర్నాడు మొదటి బస్సుకే తాండూరు వెళ్లింది. దుకాణానికి పోలేదు, తిన్నగా ఇంటి వెనక్కి నడిచింది. నిలువుగా పాతిన బండల దడి లోపల అన్నీ ఆమె కోళ్లే, వాటి పిల్లలే. మధ్యలో లాలీ. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి, బాగున్న కంటితో చూసి మళ్లీ మట్టి గీరుకుంది. గుర్తుపట్టిందో లేదో.

జహంగీర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అక్కను చూసి ఆగిపోయాడు.

"అమ్మీ మీద కసం తిన్నవ్‌రా."

"అడిగితే ఇస్తుంటివా ఆపా?"

"అడిగితే అన్నీ ఇస్తుంటి. నువ్వు అడగలె. నన్ను ఏడిపిచ్చి తీస్కపోయినవ్."

వాడిలోని వ్యాపారస్తుడు నోరు విప్పాడు. "అయ్యిందేదో అయ్యింది. లాలీని తీస్కపో, ఒక పుంజును గూడ ఇస్త. పాలుకు."

పాలుకివ్వడమంటే, కోడి ఇచ్చినవాళ్లదే, సాకడం పుచ్చుకున్నవాళ్ల వంతు, పొదిగిన పిల్లల్లో చెరిసగం. ఊళ్లో ఎరుగున్నవాళ్ల మధ్య నడిచే బేరమే. తల్లి కోడిని తనకే పాలుకిస్తానంటున్నాడు, తన చేతి ముద్ద తిని పెరిగినవాడు! జహీరాబీకి ఒళ్లు మండిపోయింది. వాడి మొహాన ఉమ్మేసి పోదామనిపించింది. కానీ ఉమ్మేసి పోతే లాలీ అక్కడే ఉండిపోతుంది.

"పాలుకే ఇయ్యి" అంది. ఒక్కో చంకలో ఒకదాన్ని పెట్టుకుని బస్సెక్కింది.

మిగిలిన తెల్లకోళ్లను వదిలించుకుని, గూటికి సున్నం కొట్టింది. లాలీ పెట్టిన గుడ్లన్నీ దాచి దాని కిందే పొదగేసింది. పిల్లలు బయటికొచ్చిన పొద్దున కత్తెర పట్టుకుని కూర్చుని, సగం పిల్లల కాళ్లకు గాటు పెట్టింది. మిగతా సగాన్ని చేతిలోకి తీసుకుని, చూసి, అలాగే తల్లి కింద వదిలేసింది.

పిల్లలు తల్లిని విడిచే వయసు రాగానే జహంగీర్ తన పాలు కోసం గంపతో వచ్చాడు. జహీరాబీ చాయ్ ఇచ్చింది, పిల్లలను పంచి ఇచ్చింది. వాడు ఒక పిల్ల కాలెత్తి చూశాడు. ఇంకోదాన్ని చూశాడు. గంపలోవన్నీ చూశాడు.

"ఆపా, నా పిల్లలకు గాటు లేదేంది? గాటు లేకుంటే ఎవరు కొంటరు వీటిని?"

"అది అమ్మీ కోళ్లకు పెట్టే గాటు." జహీరాబీ ఖాళీ కప్పు తీసుకుని లేచింది. "అమ్మీ కోళ్లను నువ్వు ఎప్పుడో కోసినవ్ కద, తమ్మీ."