డయాలసిస్ వార్డుకు చప్పుడు లేని కీబోర్డు

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో నన్ను విజయనగరం వైపు నుంచి శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఆఫీసు సూపరింటెండెంటుగా బదిలీ చేశారు. ఆ హోదా వినగానే చాలామంది నన్ను డాక్టరనుకుని చెయ్యి చాపి నాడి చూడమనేవారు. వైద్యం చూసే సూపరింటెండెంటు వేరు. నాది గుమస్తాల మీద పెద్దరికం: జీతాల బిల్లులు, కొనుగోళ్లు, స్టోర్సు, విరిగిన మంచాల వేలం. నరసన్నపేటలో బట్టల కొట్టు గద్దె మీద పెరిగినవాణ్ణి కాబట్టి, వీటిలో కొనుగోళ్లంటే నాకు మహా సరదా. బేరం కుదరని రోజు నాకు అన్నం సయించేది కాదు. కుదిరిన రోజు, ఇంకాస్త తగ్గించి ఉండాల్సిందని నిద్ర పట్టేది కాదు.

ఆ ఆసుపత్రిలో డయాలసిస్ విభాగం ఉంది. ఉద్దానం వైపు కొబ్బరి, జీడి తోటల ఊళ్ల నుంచి కిడ్నీలు పాడైనవాళ్లు బస్సుల్లో, ఆటోల్లో వచ్చేవారు. వారానికి రెండు మూడుసార్లు రావాలి. వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవాలి. మంచాలు తక్కువ, పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. ఒక మంచం ఖాళీ అయితేనే కొత్తవారికి చోటు. ఎలా ఖాళీ అవుతుందో విడమరచి చెప్పనక్కర్లేదు.

నేను చేరిన కొత్తలోనే ఆ విభాగం ఇన్‌చార్జి కృష్ణవేణి సిస్టర్ నుంచి ఇండెంటు వచ్చింది. ఇండెంటంటే ఫలానా వస్తువు కావాలని విభాగాలు ఆఫీసుకు పంపే చీటీ. మామూలుగా అందులో గ్లవ్సు, దూది, దుప్పట్లు ఉంటాయి. ఈసారి ‘చప్పుడు చేయని వైర్‌లెస్ కీబోర్డు ఒకటి, అత్యవసరం’ అని ఉంది. కీబోర్డుకు అత్యవసరమేమిటని నవ్వొచ్చింది. ఉన్నది పనిచేస్తుండగా కొత్తది కొనకూడదన్నది ఆడిట్ వాళ్ల సూత్రం, మా నాన్నగారి సూత్రం కూడా. నిరాకరించే ఉద్దేశంతోనే చీటీ పట్టుకుని వార్డుకు వెళ్లాను.

సిస్టర్ నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. గున్నయ్య అనే జీడితోట రైతు కిందటి వారమంతా రాలేదని, ఇంకోసారి మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికొస్తుందని చెప్పింది. ఫోన్ చేసి అడిగితే, "ఆ టకటకలు ఇంటానికి నాను రానమ్మా, ఇంటికాడే సస్తాను" అన్నాడట.

ఆ టకటకల సంగతి ఇది. డేటా ఆపరేటర్ సింహాచలం బల్ల వార్డులోనే, మంచాల వరస చివర ఉండేది. నెట్ కనెక్షన్ ఉన్నది అక్కడొక్కచోటే. పైగా రోగి బరువు, బీపీ అక్కడికక్కడే ఎక్కించాలి. సింహాచలం గజపతినగరంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిషను మీద చెయ్యి తిరిగినవాడు. కంప్యూటరు మీద కూడా కింద కార్బన్ కాపీలు పడాలన్నట్టు మోదేవాడు. బరువు, బీపీ అయితే నాలుగు దెబ్బలతో సరి. ఎవరైనా ఇంటి దగ్గర చనిపోయారని కబురొస్తే కేసు మూయాలి. చివరి చికిత్స వివరాలు, డాక్టరుగారి సారాంశం కొట్టాలి, ఆ పేరు తీసేయాలి, ఎదురుచూసేవాళ్లలోంచి కొత్త పేరు ఎక్కించాలి. అది చాలాసేపు ఆగకుండా సాగే చప్పుడు.

చనిపోయినవాళ్ల మాట వార్డులో ఎత్తకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఎవరైనా అడిగితే "వైజాగ్ పెద్దాసుపత్రికి పంపాం" అనేవారు. కానీ పడుకున్నవాళ్లకు నాలుగు గంటలూ వేరే పనేముంది? పొడుగు చప్పుడు మొదలవగానే తలలు పైకెత్తి ఈరోజు ఎవరు రాలేదా అని మంచాలన్నీ చూసుకునేవారు. మర్నాడు ఆ మంచం మీద కొత్త మొహం ఉండేది.

నేను ఇండెంటు మీద సంతకం పెట్టాను.

ఒక్క కీబోర్డుకు మూడు కొటేషన్లు. నిబంధన నిబంధనే. తక్కువ కోట్ చేసిన శ్రీకాకుళం కొట్టుకు బోణీ వేళకు, సింహాచలాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. బోణీ బేరాన్ని ఏ వర్తకుడూ వట్టి చేతులతో పంపడు, ఆ బలహీనత నాకు పుట్టుకతో తెలుసు. సింహాచలాన్ని తెచ్చింది ఎందుకంటే, కీబోర్డును కొట్టబోయే చేత్తోనే కొట్టి చూడాలి. నా వేళ్లకు చప్పుడు చేయనిది అతని వేళ్ల కింద తప్పెటగుళ్లు వాయిస్తుంది.

కొట్టు యజమాని రమణ ఆరు రకాలు ముందు పెట్టాడు. అన్నిటి డబ్బాల మీదా సైలెంట్ అనే ఉంది. అన్నీ మెత్తగానే పలికాయి. నాకు అనుమానం వచ్చి కింద చూస్తే, బల్ల మీద మందపాటి రబ్బరు షీటు పరచి ఉంది. మా కొట్లో వెలిసిన చీరలను పచ్చలైటు కింద చూపించేవాళ్లం, ఇదీ ఆ జాతిదే. షీటు తీయించి, ఇనప స్టూలు మీద పెట్టి కొట్టమన్నాను. సగం డబ్బాల సైలెంటు అక్కడే తేలిపోయింది. అక్షరాలు మెత్తగా ఉన్నా, స్పేసుబారు, ఎంటరు ధన్ ధన్‌మన్నాయి. నేను చెవి ఆనించి వింటుంటే రమణ ఉండబట్టలేకపోయాడు.

"ఏటి సారూ, కీబోర్డు కొంటన్నారా, వీణ కొంటన్నారా?"

"వీణయితే మోగితే సరిపోతాది, ఇది మోగకూడదు. నువ్వు కొట్టు," అన్నాను సింహాచలంతో.

కాసేపు ముట్టుకోకపోతే నిద్రపోయి, లేచాక మొదటి అంకె మింగేసేదాన్ని పక్కన పెట్టాను. బరువులో అంకె పోతే ఎంత నీరు తీయాలో తేడా వస్తుంది. అంకెల వరస విడిగా లేనివాటినీ పక్కన పెట్టాను. మా కంప్యూటరు పాతది, బ్లూటూత్ లేదు కనుక చిన్న రిసీవరు గుచ్చేదే కావాలి. స్టోర్సులో దొరికే మామూలు సెల్లుతో నడవాలి. చివరకు ల్యాప్‌టాప్ మీటల్లా పలచగా, లోతు తక్కువగా ఉన్నది ఒకటి మిగిలింది. ధర తగ్గించనని రమణ భీష్మించాడు. సరేనని, కొసరుగా ఆ రబ్బరు షీటు చుట్టబెట్టమన్నాను. "బోణీ అయిపోనాది, కొట్టూ అయిపోనాది" అని గొణుక్కుంటూనే ఇచ్చాడు.

సిస్టర్ ఫోన్ చేసి చెబితే గున్నయ్య వచ్చాడు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. "ఏటీ ఇనబడ్డం నేదు, సూపర్నెంటు బావూ" అని నాకు దండం పెట్టాడు. ఆ వారం నేను ఆఫీసులో కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను.

అతని పక్క మంచం బైరాగిది. ఇద్దరి ఊళ్లూ వేరు, స్నేహమంతా ఆ రెండు మంచాల మధ్యే. బైరాగి పెద్దవాడు. "ఒరే గున్నా, నాకంటే ముందు ఎల్లకు, వరస తప్పుతాది" అని ఆటపట్టించేవాడు. "నీ వరస నాకెందుకు మావా, నీ మిషనుకి నీళ్లు సూసుకో" అనేవాడు గున్నయ్య.

వానాకాలంలో బైరాగి ఇంటి దగ్గర చనిపోయాడు. సింహాచలం కేసు మూశాడు, అదే వార్డులో పడుకున్న గున్నయ్యకు ఏమీ వినబడలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఆ మంచం మీద కొత్త మనిషిని చూసి మావ ఏడని అడిగాడు. అలవాటు ప్రకారం నర్సు వైజాగ్ అంది. పొడుగు చప్పుడు వినలేదు కాబట్టి గున్నయ్య ఆ మాట నమ్మాడు.

తర్వాతి వంతుకు అతను రాలేదు. బస్సెక్కి విశాఖపట్నం వెళ్లి, పెద్దాసుపత్రిలో వార్డు వార్డూ తిరిగి బైరాగిని వెతికాడు. బైరాగి ఊరివాళ్లెవరో కనబడి, ఆయన పోయాడు, చిన్నకర్మ కూడా అయిందని చెప్పారట. తిరిగొచ్చేసరికి కాళ్లు పొంగి, మాట అందకుండా ఆయాసంతో ఉన్నాడు. సిస్టర్ వేరేవాళ్ల వంతు ఆపి అతన్ని మిషను మీద పెట్టింది. సంగతి తెలిసి నేనూ వార్డుకు వెళ్లాను. ఊపిరి కుదురుకున్నాక అతను మా అందరినీ చూసి అన్న మాటలు నాకు గుర్తున్నాయి.

"ఆ టకటకలు ఇంటే బయమేసీది, నిజమే. గానీ మీరందరూ వైజాగ్ అనీవోరు, అదొక్కటే నిజం సెప్పీది. ఇప్పుడు దాని నోరు కూడా మూసీసినారు."

సింహాచలం పాత కీబోర్డు తెచ్చి పెట్టేస్తానన్నాడు. సిస్టర్ వద్దంది. చెప్పాల్సినది మనుషులు, చెప్పే పని ఇన్నాళ్లూ దానికి వదిలేశాం అంది. మర్నాడు మిషన్లు మొదలుపెట్టే ముందు మంచాల మధ్య నిలబడి, బైరాగి పేరు, ఊరు చెప్పి, పోయారని చెప్పింది. డాక్టరుగారికి అది నచ్చలేదు, రోగుల ధైర్యం చెడుతుందన్నారు. ఒకావిడ చెవులు మూసుకుంది, ఒకాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అయినా ఆ పద్ధతి నిలబడింది. కీబోర్డూ అలాగే ఉంది. గున్నయ్య ఆ తర్వాత ఒక్క వంతూ మానలేదు.

మరుసటి వేసవిలో అతను పోయాడు. స్టాకు తనిఖీకి వెళ్లిన నేను ఆ పూట అక్కడే ఉన్నాను. సిస్టర్ అతని పేరు, ఊరు చెప్పింది. ఒక్కొక్క మిషనూ మొదలైంది.

పదవీ విరమణ దాకా మరెన్నో వస్తువులు కొన్నాను, మరెన్నో తీయించేశాను. ఏదైనా చిరాకు పెడుతోంది, మార్చండని ఇండెంటు వస్తే, ధర అడిగే ముందు దానివల్ల ఎవరికి ఏం తెలుస్తోందని అడిగేవాణ్ణి. ఆ సంగతి ఇకమీదట ఎవరు చెబుతారో ఒక మనిషి పేరు చూపించాకే సంతకం పెట్టేవాణ్ణి.